పాకాల కట్ట నుంచి కోరంగి బురద దాకా: నా 8×42 బైనాక్యులర్

ఈ బైనాక్యులర్ నా మెడలో పడి ఏడాది దాటింది. కొన్న వారానికే నలుగురికీ చెప్పాలనిపించింది కానీ, ఒక ఎండాకాలం పూర్తిగా గడవనిద్దామని ఆగాను. మన వరంగల్ ఎండలో, ఆపైన కాకినాడ ఉప్పు గాలిలో తిరిగొచ్చాక ఇప్పుడు ధైర్యంగా రాయగలను.

నేను హనుమకొండలో బయాలజీ టీచర్‌ని. ఇరవై ఏళ్లుగా కళ్లద్దాలు ఉన్నాయి. పిట్టల మీద ఇష్టం అంతకంటే పాతది. పరకాల దగ్గర మా అమ్మగారి ఊళ్లో, చెరువు కట్ట మీద అమ్మమ్మ వెంట నడుస్తుంటే తీతువు అరిచింది. "అది అరిస్తే మంచిది కాదు బిడ్డా" అని అమ్మమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ పిట్ట మన మీద ఎందుకు అరుస్తుందో నాకు చాలా ఏళ్లకు తెలిసింది. ఎండాకాలంలో నీళ్లు తగ్గిన శిఖం భూమిలో, అంటే చెరువు లోపలి నేలలో, చిన్న గుంటలో గుడ్లు పెడుతుంది. మనం అటు పోతుంటే తట్టుకోలేక అరుస్తుంది.

ముందే ఒక మాట. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. ఇదే ధరలో, ఇంచుమించు ఇవే కొలతలతో నాలుగైదు కంపెనీలవి దొరుకుతున్నాయి. మంచి చెప్పినా చెడు చెప్పినా ఈ రకం మొత్తానికి సరిపోతుంది. నాది 8×42, అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపేది, ముందు అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లు. రూఫ్ ప్రిజమ్ రకం, అంటే రెండు నిటారు గొట్టాలు ఉండేది. బరువు 650 గ్రాములు. హైదరాబాద్‌లో ఒక కెమెరా షాపుకి వెళ్లి, చేత్తో పట్టి చూసి, 11,800 రూపాయలు పెట్టి కొన్నాను.

చేత్తో పట్టి చూసి కొనడానికి కారణం ఉంది. అంతకు రెండేళ్ల ముందు ఆన్‌లైన్‌లో 20×50 అని ఒకటి తెప్పించాను. ఇరవై రెట్లు దగ్గరగా కనిపిస్తుందంటే ఆశ పుట్టింది. వడ్డేపల్లి చెరువు కట్ట మీద నిలబడి అవతల గట్టున ఉన్న కొంగల మీద పెడితే, కొంగ కనిపించే లోపే పక్కకు జారిపోయేది. చేతి వణుకు కూడా ఇరవై రెట్లయిందన్న మాట. పైగా చూపు అంతా చీకటిగా ఉండేది. దీని లెక్క చాలా సులువు, మా పదో తరగతి పిల్లలు కూడా చేస్తారు. ముందు అద్దం వెడల్పుని రెట్లతో భాగించాలి. 50ని 20తో భాగిస్తే 2.5. కంటికి అందే వెలుగు కిరణం మందం అంతే, రెండున్నర మిల్లీమీటర్లు. 42ని 8తో భాగిస్తే 5.25. తెల్లవారుజామున మసక వెలుగులో మన కంటి పాప ఐదారు మిల్లీమీటర్లు విచ్చుకుంటుంది. అంటే 8×42 ఇచ్చే వెలుగు కంటికి నిండుగా సరిపోతుంది. షాపులో ఎవరూ చెప్పరు కానీ, బైనాక్యులర్‌ని చేయి చాచినంత దూరంలో పట్టుకుని కిటికీ వైపు చూస్తే కంటి అద్దంలో ఒక తెల్లని చుక్క కనిపిస్తుంది. ఆ చుక్క పెద్దదిగా, చక్కగా గుండ్రంగా ఉండాలి. నా పాత దాంట్లో ఆ చుక్క కందిగింజంత కూడా లేదు, అంచులు కోసినట్టు నాలుగు పలకలుగా ఉన్నాయి. లోపలి ప్రిజమ్‌లో చౌకరకం గాజు పెట్టారని దానికి గుర్తు.

కళ్లద్దాలు ఉన్నవాళ్లు ఇంకొకటి తప్పకుండా చూడాలి. పెట్టె మీద 'ఐ రిలీఫ్' అని రాసి ఉంటుంది. కంటికీ బైనాక్యులర్ అద్దానికీ మధ్య ఎంత ఎడం ఉన్నా చూపు మొత్తం కనిపిస్తుందో ఆ కొలత. అద్దాలు పెట్టుకునేవాళ్లకు కనీసం 15 మిల్లీమీటర్లు కావాలి. నా దాంట్లో 17 ఉంది. కంటి దగ్గరి రబ్బరు గిన్నెల్ని తిప్పి పూర్తిగా లోపలికి దించేస్తే, కళ్లద్దాలు తీయకుండానే అంచు నుంచి అంచు దాకా కనిపిస్తుంది. పాత దానితో ప్రతిసారీ అద్దాలు తీసి నుదుటి మీదికి నెట్టుకోవాల్సి వచ్చేది. ఆ లోపల పిట్ట ఉంటుందా? మొదటి రోజు పొద్దున్నే ఇంటి డాబా మీద కొబ్బరి మట్టపై కూర్చున్న లకుముకి పిట్ట కంట్లో సూర్యుడి చుక్క కనిపించినప్పుడు నాకు నిజంగా గొంతు పట్టేసింది. ఇన్నేళ్లూ ఇది చూడకుండా ఎలా ఉన్నాను అనిపించింది.

వాడకం మొదలైంది పాకాలలో. వరంగల్ నుంచి నర్సంపేట మీదుగా యాభై కిలోమీటర్లు ఉంటుంది. కాకతీయ గణపతిదేవుడి కాలంలో, 1213లో కట్టిన చెరువు. చుట్టూ ఉన్న అడవిని 1952లో అభయారణ్యం చేశారు. వానాకాలంలో మత్తడి దూకుతుంటే చూడ్డానికి జనం పోతారు. పిట్టల కోసమైతే మార్చి, ఏప్రిల్‌లో పోవాలి. నీళ్లు వెనక్కి జరిగేకొద్దీ మిగిలిన మడుగుల్లో చేపలు, నత్తలు కుప్పపడతాయి, వాటి కోసం పిట్టలు కుప్పపడతాయి. నత్తగుల్ల కొంగలు, నీటి కాకులు, తెల్ల కొంగలు అన్నీ ఒక్క చోటే. 8 రెట్లలో చూపు వెడల్పుగా ఉంటుంది కాబట్టి, ఒకే చూపులో ఇరవై పిట్టలు పడతాయి. వాటిలో ఏది ఏం చేస్తోందో తీరిగ్గా చూడొచ్చు. నత్తగుల్ల కొంగ ముక్కు మధ్యలో సందు ఉంటుందని పుస్తకంలో చదవడం వేరు, ఆ సందులోంచి వెనకనున్న నీళ్ల మెరుపు కనిపించడం వేరు.

అసలు పరీక్ష మాత్రం మా అమ్మగారి ఊరి చెరువులోనే జరిగింది. ఏప్రిల్ రెండో వారం. ఎండిన శిఖంలో తీతువు గుడ్ల మీద కూర్చుని ఉంది. గట్టు మీద తుమ్మచెట్టు నీడలో, దానికి ఇబ్బంది కానంత దూరంలో కూర్చున్నాను. పది గంటలకు ఎండ ముదిరాక అది లేచి నీళ్ల దగ్గరికి నడిచింది, పొట్ట ఈకల్ని బాగా తడుపుకుంది, తిరిగొచ్చి గుడ్ల మీద కూర్చుంది. గుడ్లను చల్లబరచడానికి! గంటన్నరలో నాలుగుసార్లు వెళ్లొచ్చింది. పొట్ట నుంచి నీటి బొట్లు రాలడం కూడా కనిపించింది. బైనాక్యులర్ లేకుండా అదంతా చూడాలంటే నేను దగ్గరికి పోవాలి, నేను దగ్గరికి పోతే అది గుడ్లు వదిలి లేవాలి, ఆ ఎండలో గుడ్లు ఉడికిపోతాయి. ఈ వస్తువు వల్ల ముఖ్యమైన లాభం ఏంటని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇదే. దగ్గరికి పోకుండా దగ్గరగా చూడొచ్చు.

కానీ అక్కడే ఒక ఇబ్బంది కూడా తెలిసింది. తొమ్మిది దాటాక దూరంలో ఉన్న పిట్టలు అల్లాడటం మొదలయ్యాయి. అద్దంలో లోపమేమో అని టెన్షన్ పడి, ఫోకస్ చక్రం అటూ ఇటూ తిప్పుతూనే ఉన్నాను. లోపం అద్దంలో లేదు. నేల కాగినప్పుడు దాన్ని ఆనుకున్న గాలి పొరలు వేర్వేరు వేడిలో ఉంటాయి. వాటిలోంచి వచ్చే వెలుగు వంకర్లు తిరుగుతుంది. ఎండమావులు పుట్టించే గాలే అది. ఎన్ని రెట్లు పెంచితే ఆ అల్లాటను కూడా అన్ని రెట్లు పెంచినట్టే. మా స్కూల్లో లెక్కల సార్ దగ్గర 10×42 ఉంది. ఇద్దరం పక్కపక్కన కూర్చుని మార్చుకుని చూశాం. పొద్దున ఏడింటికి ఆయనదే ఒక పిసరు మెరుగు. తొమ్మిదిన్నరకి నా దాంట్లోనే బొమ్మ నిలకడగా ఉంది. మన దగ్గర ఎండాకాలం నడకలకు ఎనిమిది రెట్లే సరైనదని నేను అనేది అందుకే.

ఏప్రిల్ చివరి వారం సెలవులు ఇచ్చారు. మా ఆడపడుచు వాళ్లు కాకినాడలో ఉంటారు. ఇంటాయనా నేనూ గౌతమీ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఏటూరునాగారం దగ్గర ఎండాకాలంలో ఇసుక తిన్నెల మధ్య సన్నగా పారే మన గోదావరే, ధవళేశ్వరం దిగాక గౌతమి, వశిష్ఠ అని చీలి సముద్రంలో కలుస్తుంది. ఆ కలిసే చోటు చూడాలని ఎన్నాళ్లుగానో ఉంది.

మొదటి రోజు కుంభాభిషేకం రేవు దగ్గరి బురద నేలకు తీరిగ్గా పదింటికి వెళ్లాను. ఎంత పొరపాటు! నీళ్లు ఎక్కడో దూరంగా ఉన్నాయి, పిట్టలు ఆ నీళ్ల అంచున ఆవగింజల్లా ఉన్నాయి. మధ్యలో అంతా ఎండకు మెరుస్తున్న బురద. ఎనిమిది రెట్లు కాదు, ఎనభై రెట్లున్నా ఏమీ తెలిసేది కాదు. వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన నన్ను కాసేపు చూసి, "ఇప్పుడు పాటులో ఉందమ్మా, అన్నీ దూరం పోతాయి. నీరు ఎగదన్నేటప్పుడు రండి, అవే మీ కాళ్ల దగ్గరికి వస్తాయి" అన్నాడు. ఆ రోజు పోటు పొద్దున ఆరింటికే అయిపోయిందట. సముద్రం నీరు ఎక్కితే పోటు, దిగితే పాటు. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ఒక రోజు నుంచి ఇంకో రోజుకి సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతాయి. అంటే మూడో రోజుకి ఏడూ నలభై అవుతుంది. చెరువుల మధ్య పెరిగిన నాకు ఈ లెక్క కొత్త. మన చెరువుకు ఏడాదికి ఒకటే పోటు, ఒకటే పాటు. వానాకాలంలో నిండుతుంది, ఎండాకాలంలో దిగుతుంది. ఇక్కడ ఆ ఏడాదంతా ఒక పూటలో అయిపోతుంది.

మూడో రోజు నాలుగున్నరకే లేచాను. మా ఆడపడుచు అప్పటికే టీ పెట్టి, "వదినా, నువ్వెళ్లు, అన్నయ్య లేస్తే టిఫిన్ నేను చూసుకుంటాలే" అంది. అయిదూ ముప్పావుకి బురద అంచున ఉన్నాను. నీరు చప్పుడు లేకుండా ఎక్కుతోంది. దానితో పాటే పిట్టలు ఒక్కో అడుగూ నా వైపు జరుగుతున్నాయి. ఆరున్నరకి ముప్పై అడుగుల దూరంలో చిన్న శాండ్ ప్లవర్లు అనే తీరపు పిట్టలు, పాతిక దాకా ఉంటాయి. చలికాలంలో అవి మట్టి రంగులో ఉంటాయి. ఉత్తరాన గుడ్లు పెట్టే చోటికి పోయే ముందు రొమ్ము ఇటుక రంగుకి తిరుగుతుంది. వాటిలో ఏడెనిమిది అప్పటికే ఆ రంగు కట్టాయి. పొద్దుటి ఎండ పక్క నుంచి పడుతుంటే ఆ ఇటుక రంగు వెలిగిపోతోంది. పక్కనే వంకర ముక్కుతో పెద్ద ఉల్లంకి పిట్ట. దాని నడినెత్తి మీద లేత చార, రెండు పక్కలా ముదురు చారలు స్పష్టంగా కనిపించాయి కాబట్టి అది వింబ్రెల్. ఆ చారలు లేకుండా, ముక్కు ఇంకా పొడవుగా ఉంటే కర్ల్యూ. ఈ జాతుల్లో కొన్ని కుర్ర పిట్టలు మొదటి ఎండాకాలం ఉత్తరానికి పోకుండా ఇక్కడే ఉండిపోతాయి. అందుకే మే నెలలో కూడా తీరం పూర్తిగా ఖాళీ కాదు. ఏడున్నర దాటాక నీరు నా చెప్పుల దాకా వచ్చింది, పిట్టలన్నీ ఒక్కసారిగా లేచి, గాలిలో ఒక మలుపు తిరిగి, పొట్టల తెలుపు మెరిపించి వెళ్లిపోయాయి. నేను బైనాక్యులర్ దించేసి మామూలు కళ్లతోనే చూశాను. గుంపు ఎగిరినప్పుడు అలాగే చూడాలి.

ఉప్పాడ తీరానికి మాత్రం తెల్లవారి పోయి నిరాశపడ్డాను. మన తూర్పు తీరంలో పొద్దు సముద్రం మీదే పొడుస్తుంది. సముద్రం వైపు చూస్తే ప్రతి పిట్టా నల్లని నీడే. తెల్ల కొంగ చుట్టూ ఊదారంగు అంచు కూడా కట్టింది. ఈ ధర అద్దాల్లో ఆ లోపం ఉంటుంది, ఎదురు ఎండలో బాగా బయటపడుతుంది. సాయంత్రం వెళ్లి, పొద్దుని వీపు వెనక పెట్టుకుని చూస్తే ఆ అంచు దాదాపు లేదు. నీళ్ల మీద తలకిందులుగా దూకే టెర్నులు నోట్లో చేపతో పైకి లేవడం హాయిగా చూశాను. పొద్దుటేళ తూర్పు తీరంలో నడిచేవాళ్లు నది వైపు, మడ అడవి వైపు తిరిగి చూడటం మేలు.

కోరంగి గురించి ఎంత రాసినా తక్కువే. 1978లో ప్రకటించిన అభయారణ్యం, 235 చదరపు కిలోమీటర్ల పైన ఉంటుంది. మడ చెట్ల మధ్య చెక్క వంతెన మీద నడుస్తూ కిందికి చూస్తే, బురదలోంచి పెన్సిళ్లు పాతినట్టు శ్వాసవేళ్లు. ఏళ్ల తరబడి బోర్డు మీద సుద్దముక్కతో గీసి చెప్పిన పాఠం అది. బురదలో గాలి ఆడదు కాబట్టి వేళ్లు పైకి వచ్చి ఊపిరి పీలుస్తాయని ఎంతమంది పిల్లలకు చెప్పానో. వాటిని కళ్లారా చూడటం అదే మొదటిసారి. చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. ఇక్కడ బైనాక్యులర్‌కి ఇంకో గుణం అక్కరకొచ్చింది. నా దాంట్లో రెండున్నర మీటర్ల దగ్గర ఉన్నది కూడా ఫోకస్ అవుతుంది. వంతెన మీంచి బురద అంతే దూరం. ఒక్క గిట్ట మాత్రమే పెద్దగా ఉన్న ఎర్రని పీత దాన్ని ఊపుతూ తోటి పీతల్ని పిలుస్తోంది. పక్కన తల పైన కళ్లున్న బురద చేప మొప్పరెక్కల మీద పాకుతోంది. చేప నేల మీద నడవడం! ఆ చర్మం మీది తడి మెరుపు, కళ్లు లోపలికి లాక్కుని మళ్లీ తెరవడం అన్నీ కనిపించాయి. బైనాక్యులర్ అంటే దూరపు వాటికే అనుకునేవాళ్లు దగ్గర ఫోకస్ కొలత తప్పకుండా అడగండి. కొన్నింటిలో అయిదారు మీటర్లు ఉంటుంది, దానితో ఈ లోకం కనపడదు.

ఇక లోపాలు. కుడి కన్నుకి సరిచేసుకునే రింగు చాలా వదులు. సంచిలో పెట్టి తీసినప్పుడల్లా జరిగిపోతుంది, బొమ్మ మసకబారితే కారణం వెంటనే తోచదు. నాకు సరిపోయే చోట తెల్ల నెయిల్ పాలిష్‌తో చుక్క పెట్టుకున్నాను, అప్పటి నుంచి ఇబ్బంది లేదు. ఇచ్చిన పట్టీ సన్నగా ఉంది, గంటకే మెడ లాగుతుంది, చెమటకు ఒరుసుకుపోతుంది. రెండు భుజాల మీదుగా వేసుకునే పట్టీ వేరేగా 900 పెట్టి కొన్నాను. నిజం చెప్పాలంటే ఆ ఖర్చు కూడా కలిపే దీని ధర లెక్కేసుకోవాలి. ముందు అద్దాల రబ్బరు మూతల్లో ఒకటి కోరంగిలో ఊడి నీళ్లలో పడిపోయింది. కాకినాడలో ఉక్కకు కంటి అద్దాలు ఊరికే ఆవిరి పడతాయి. అది బయటి ఆవిరే, ఒక్క నిమిషం ముఖానికి దూరంగా పట్టుకుంటే పోతుంది. లోపల నైట్రోజన్ నింపి మూసేశారు కాబట్టి లోపల ఎప్పుడూ పట్టలేదు.

సముద్రం దగ్గరికి తీసుకెళ్లేవాళ్లకు ఒక జాగ్రత్త. ఇంటికి రాగానే చీర కొంగుతోనో చున్నీతోనో అద్దం తుడవకండి. అద్దం మీద కంటికి కనపడని ఉప్పు, ఇసుక ఉంటాయి. తుడిస్తే గీతలు పడతాయి, పైపూత పోతుంది. ముందు రబ్బరు బల్బుతో గాలి ఊదాలి. నీళ్లు చొరబడని రకమే అయితే మంచినీళ్లు మెల్లగా పోసి కడిగి, నీడలో ఆరనిచ్చి, ఆ తర్వాతే మెత్తని బట్ట వాడాలి. వరంగల్ వాళ్లకు ఇంకో జాగ్రత్త. మేలో కారు డాష్‌బోర్డు మీద వదిలేయకండి. లెక్కల సార్ అలా ఒక్క మధ్యాహ్నం వదిలితే రబ్బరు తొడుగు జిగురు వదిలి ఉబ్బింది.

ధరకు తగినదేనా అంటే, తగినదే. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు, కళ్లద్దాలు ఉన్నవాళ్లు, స్టాండ్ మోయకుండా నడుస్తూ చూడాలనుకునేవాళ్లు కళ్లు మూసుకుని 8×42 తీసుకోవచ్చు. పెద్ద నీళ్ల మధ్యలో దూరంగా తేలే బాతుల్ని లెక్కపెట్టడమే పని అయితే స్టాండ్ మీద పెట్టే స్పాటింగ్ స్కోప్ కావాలి, బైనాక్యులర్ ఏదైనా ఆ పని చేయలేదు. పది పన్నెండేళ్ల పిల్లల చేతికైతే 8×32 తేలిగ్గా ఉంటుంది. మా స్కూల్ కోసం అలాంటివి రెండు కొనాలని డబ్బు జమ చేస్తున్నాను.

కొనేముందు ఒకసారి పట్టి చూడాలనుకునేవాళ్లు హనుమకొండలో ఉంటే, ఆదివారాలు పొద్దున ఆరింటికి వడ్డేపల్లి చెరువు కట్ట మీద ఉంటాను. అద్దాలు పెట్టుకునేవాళ్లు అద్దాలతోనే రండి. తొమ్మిది దాటాక వస్తే మాత్రం గాలి అల్లాటే కనిపిస్తుంది.